పది అంగల వెనక

గట్టు మీద తడి మట్టి. కాలువ మీద పొగలా లేస్తున్న మంచు. ముందు ఒక వీపు.

ఆ వీపు మీద అతనికి పన్నెండేళ్ల కోపం.

ఎనిమిది అడుగుల నేల మింగిన వీపు అది. తోడబుట్టినవాడి స్థలాన్ని తన గోడలో కలిపేసుకుని, పన్నెండేళ్లుగా ఆ గోడ నీడలోనే కుర్చీ వేసుకుని కూర్చున్న వీపు. కాంటా వీపు. కలప అడితిలో లారీలు తూచే కాంటా దగ్గర ముప్పై ఏళ్లు పని చేశాడు కాబట్టి అన్నకు ఆ పేరే స్థిరపడింది. ఊళ్లో అందరికీ సరిగ్గా తూచాడు. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వాల్చాడు.

ఇదీ తమ్ముడి మాట. టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, బస్సు కోసం నిలబడ్డ చోట... వినే చెవి దొరికిన ప్రతిచోటా చెప్పిన మాట.

ఎనిమిది అడుగులు.

ఇప్పుడా తమ్ముడు అదే వీపు వెనకాల నడుస్తున్నాడు. సరిగ్గా పది అంగల వెనక.

ఒకటి. రెండు. మూడు...

పెదవి కదలకుండా లెక్కపెట్టుకుంటున్నాడు.

*

తమ్ముణ్ణి అందరూ గొలుసు అంటారు.

సర్వేయరు వెంట తిరిగి, భూములు కొలిచే ఇనుప గొలుసు లాగడం అతని పని. ఆరో తరగతి సగంలో బడి మాన్పించి ఆ పనిలో పెట్టింది అన్నే. అన్న మాత్రం పది దాకా చదివాడు. తన మిగతా తరగతులన్నీ ఎవరు తిన్నారని అడిగితే గొలుసు వేలు ఒక్క వైపే చూపిస్తుంది.

మొదట్లో ఆ గొలుసే అతన్ని లాగింది. తర్వాత అతను దాన్ని లాగాడు. ముళ్లలో లాగాడు. బురదలో లాగాడు. కోసిన చేలలో, కాళ్లకు గుచ్చుకునే మోళ్ల మీద, నడినెత్తిన ఎండ పెట్టుకుని లాగాడు. పదేళ్లు గడిచేసరికి గొలుసు లేకపోయినా పని జరిగిపోయే రోజు వచ్చింది.

అతని అంగే గొలుసైంది.

ఈ మడమ నుంచి ఆ మడమకి రెండున్నర అడుగులు. వెంట్రుకవాసి తేడా ఉండదు.

"గొలుసు ఆఫీసులో మర్చిపోయినా పర్లేదు. వీణ్ణి మాత్రం మర్చిపోకండి" అనేవాడు సర్వేయరు.

ఆ ఒక్క మాట తలకింద పెట్టుకుని అతను ముప్పై ఏళ్లు పడుకున్నాడు.

తర్వాత మూడుకాళ్ల మిషన్లు వచ్చాయి. అవి నడవవు. ఉన్నచోట నిలబడి కన్ను గీటుతాయి, దూరం తెలిసిపోతుంది. ఇనుప గొలుసు మూల గదిలో తుప్పు పట్టింది. దాన్ని లాగినవాడు ఫైళ్లు మోసే పనికి దిగాడు. కుర్చీ నుంచి బీరువాకి, బీరువా నుంచి కుర్చీకి... ఆరు అంగలు. కాళ్లు ఖాళీ అయ్యాయి. ఒంట్లో చక్కెర చేరింది.

"రోజూ గంటకు తక్కువ కాకుండా నడవండి" అన్నాడు డాక్టరు.

"నాకా చెప్తున్నారు నడవమని? సగం లోకం నా కాళ్ల కిందే ఉందండీ."

"అది ఉద్యోగం. ఇది మందు. నడిచే ఉద్యోగం ఎలాగూ మానేశారు. మందు మానకండి."

అలా మొదలైంది నడక.

పాత తూము దగ్గర మొదలు. నీళ్లను ఆపే ఇనుప తలుపులున్న లాకుల దగ్గర చివర. మధ్యలో కాలువ గట్టు, ఎగుడు లేదు, దిగుడు లేదు, పక్కన నీళ్లు ఎంత సాపుగా ఉంటాయో దారీ అంత సాపు. ఒకవైపు తుంగ. ఒకవైపు పొలాలు. కొమ్మ చివర నీలంగా కూర్చుని నీళ్లనే చూసే లకుముకి పిట్ట.

కొందరు చెవిలో పాటలు పెట్టుకుని నడుస్తారు.

అతను చెవిలో అన్నను పెట్టుకుని నడిచాడు.

*

వానలు వెనకబట్టిన నెలలో అన్న గుండెకు ఆపరేషన్ అయింది. ఆ కబురు గొలుసుకు ఇంట్లోది చెప్పింది. కంచం ముందు కూర్చుని విన్నాడు. చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది.

"ఊ" అన్నాడు.

"ఊ ఏంటి? మనిషివా, పాతిన రాయివా?"

రాయి.

ఆవిడ నోటి దురుసుకి వచ్చిన మాటే. కానీ ఆ మాట దగ్గర అతను ముద్ద కంచంలోనే వదిలేశాడు.

తండ్రి పోయాక అన్నదమ్ములకు మిగిలింది ఒక్క ఖాళీ స్థలం. రోడ్డు వెంబడి వెడల్పు, లోపలికి పొడవు. "నువ్వుండగా టేపెందుకురా, నీ అంగే మనకు కొలత" అన్నాడు అన్న. ఆ మాటకు తమ్ముడి ఛాతీ ఉబ్బింది.

ఆ సాయంత్రం పని దిగి, మోకాళ్ల దాకా ఎండిన బురదతో, నేరుగా స్థలంలోకే వచ్చాడు. రోడ్డు వెంబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు. నలభై ఎనిమిది అంగలు. అందులో సగం ఇరవై నాలుగు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, అన్న వైపు కొస నుంచి ఇరవై నాలుగు అంగలు వేసి అక్కడ రాయి పాతాడు.

అటు అన్నది. ఇటు తనది.

నెల తిరక్కుండా అన్న గోడకు పునాది తీయించాడు. మేస్త్రీ రోడ్డు పొడుగునా టేపు పరిచి పైకి చదివాడు. అన్న వైపు అరవై అడుగులు. తమ్ముడి వైపు యాభై రెండు.

గొలుసు ఆ రెండు అంకెలూ విన్నాడు. కూడి చూడలేదు. కోపానికి తీసివేత ఒక్కటే వస్తుంది.

అరవైలో యాభై రెండు పోతే ఎనిమిది.

"రాయి జరిపావు" అన్నాడు. మేస్త్రీ ముందు అన్నాడు. కూలీల ముందు అన్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుంటే వాళ్ల ముందు "దొంగ" అన్నాడు.

అన్న చేతిలో ఇటుక ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

"నువ్వు పాతిన చోటే ఉందిరా రాయి."

అంతే. ఆపైన మాట లేదు. పాతిన రాయి మీద నుంచే గోడ లేచింది. లేచిన గోడ పన్నెండేళ్లూ లేచే ఉంది.

*

వదిన వచ్చింది.

తల్లి లేని ఇంటికి కొత్త కోడలిగా వచ్చి, చేల వెంబడి తిరిగొచ్చిన మరిది పాదాల్లో దీపం దగ్గర పెట్టుకుని ముళ్లు తీసిన వదిన. ఆమె గుమ్మంలో కనిపిస్తే కూర్చుని ఉండడం అతనికి చేతకాదు. లేచి నిలబడ్డాడు.

"మీ అన్నయ్యను నడవమన్నారు" అంది. "ఒక్కణ్ణీ పంపొద్దన్నారు. నా మోకాళ్లు నన్నే మోయడం లేదు. నువ్వు రోజూ పోతూనే ఉంటావుగా."

"ఆయనతో నేను మాట్లాడను వదినా."

"మాట్లాడమని ఎవరడిగారు? పడితే పట్టుకోమంటున్నాను."

పక్కన మాత్రం నడవనన్నాడు. వెనక నడుస్తానన్నాడు. పది అంగల వెనక.

"పదే ఎందుకు?"

"పడితే పరిగెత్తి అందుకోగలిగే దూరం. గొణిగితే వినపడని దూరం."

"కొలత తెలిసినవాడివి, నీ ఇష్టం" అంది వదిన.

*

మొదటి రోజు అన్న అంగ జానెడు.

కర్ర. కాలు. కర్ర. కాలు. ఆగడం. గాలి పీల్చుకోవడం. మళ్లీ కర్ర.

వెనక గొలుసు. తన అంగ తగ్గించలేదు. వేగం తగ్గించాడు. ఒక అంగ వేసి కొంగలా నిలబడేవాడు. ముందున్న వీపు కదిలాక ఇంకొకటి.

తూము నుంచి మొదటి వంతెనకు గొలుసు లెక్కలో మూడు వందల అరవై అంగలు. అన్నకు తొమ్మిది వందల పన్నెండు పట్టాయి. ఎందుకు లెక్కపెట్టాడో అతనికే తెలియదు. ముప్పై ఏళ్లు లెక్కపెట్టిన నోరు ఊరికే ఉండదు. శత్రువు కాళ్లయినా సరే, కాళ్లు కాళ్లే.

తిరిగొచ్చి గేటు దగ్గర వదినకు అంకె చెప్పాడు.

"తొమ్మిది వందల పన్నెండు."

"అంటే మంచిదా, చెడ్డదా?"

"రేపు తగ్గితే మంచిది."

తగ్గింది. ఎనిమిది వందల తొంభై. ఎనిమిది వందల నలభై. ఒక రోజు ముసురు, మళ్లీ తొమ్మిది వందలు దాటింది. ఆ రోజు గొలుసు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మర్నాడు ఎనిమిది వందల పది. ఆ రోజు ఇంట్లోది వడ్డిస్తుంటే "ఇంకాస్త వెయ్యి" అన్నాడు. ఆవిడ వింతగా చూసింది.

వంతెన దగ్గర వెనక్కి తిరగడం ఒక్కటే చిక్కు. అక్కడ వీపు ముఖమైపోతుంది. గొలుసు దారి దిగి గడ్డిలో నిలబడేవాడు. నీళ్లను చూసేవాడు. లకుముకి పిట్టను చూసేవాడు. కర్ర చప్పుడు తన పక్క నుంచి సాగి, దాటి, ముందుకు పోయేదాకా ఆ పిట్టకున్నంత శ్రద్ధతో నీళ్లనే చూసేవాడు. ఆ తర్వాత పది లెక్కపెట్టి దారెక్కేవాడు.

ఒక పొద్దున తుంగలోంచి కుక్క ఒకటి ఉరికింది. కర్ర జారింది. వీపు పక్కకు వాలింది —

పది అంగల దూరాన్ని అతను నాలుగు దూకుల్లో దాటాడు. చెయ్యి అన్న చంక కింద దాకా వచ్చింది. ఈలోగా అన్న తనంతట తానే నిలదొక్కుకున్నాడు. చెయ్యి గాలిలో కాసేపు ఉంది. తర్వాత జేబులోకి పోయింది. గొలుసు వెనక్కి నడిచి, పది లెక్కపెట్టి, తన చోట నిలబడ్డాడు.

కర్ర మళ్లీ సాగింది. కాలువ కూడా.

చలి ముదిరింది. ఒకరోజు అన్న తలకు ఏమీ లేకుండా వచ్చాడు. వంతెన దగ్గర తిరిగే ముందు గొలుసు తన ఉన్ని టోపీ తీసి పిట్టగోడ మీద పెట్టి, గడ్డిలోకి దిగి, నీళ్ల వైపు తిరిగాడు. కర్ర చప్పుడు పిట్టగోడ దగ్గర ఆగింది. కొంచెం ఎక్కువసేపే ఆగింది. తర్వాత సాగింది.

తిరుగుదారిలో వీపు పైన, తలకు ఒక టోపీ ఉంది.

మంచు పలచబడింది. తుంగ పసుపెక్కింది. అన్న అంగ జానెడు దాటి, మూరెడు దాటి, మనిషి అంగలా అయింది. మొదటి వంతెన రెండో వంతెన అయింది. రెండోది లాకులయింది. కర్ర నేలకు ఆనకుండా చేతిలోనే ఊగడం మొదలైంది. ఆ వీపు మీద కోపం ఉంది, ఎక్కడికీ పోలేదు... కానీ రోజూ పొద్దున్నే లేచి ఆ వీపును చూడకపోతే కోపానికి కూడా తోచకుండా పోయింది.

*

"ఈరోజు లాకుల దాకా" అన్నాడు గొలుసు గేటు బయట నిలబడి. "పోయేటప్పుడు మూడు వేల ఐదు వందలు. వచ్చేటప్పుడు నాలుగు వేల పైచిలుకు."

"అదేంటి? పోయిందీ వచ్చిందీ ఒకటే దారి కదా?"

"అలిసినకొద్దీ అంగ పొట్టిదవుతుంది వదినా. నడిచేవాడికి తెలియదు. ఎవరికైనా అంతే."

"నీకూ అంతేనా?"

"నాకా?" నవ్వాడు. "నాది పొద్దునా మాపునా ఒకటే."

"ఎప్పుడన్నా కొలిచావా?"

గేటుకు గొళ్లెం పెడుతూ ఊరికే అడిగింది. జవాబు కోసం ఆగను కూడా లేదు. లోపల పాలు పొంగుతున్నాయి.

అతను ఆగిపోయాడు.

కొలిచారు. సర్వేయరు ఎన్నోసార్లు గొలుసు పరిచి, దాని పక్కన తన్ను నడిపించి చూశాడు. ఎప్పుడు? పని మొదలయ్యే ముందు. పొద్దున్నే. ప్రతిసారీ పొద్దున్నే.

సాయంత్రం ఎవరు కొలుస్తారు? సాయంత్రం అందరికీ ఇంటికి పోవాలనుంటుంది.

మర్నాడు అన్న అంగలు లెక్కపెట్టలేదు. తనవి లెక్కపెట్టాడు. పోయేటప్పుడు రెండు వేల ఎనిమిది వందలు. వచ్చేటప్పుడు మూడు వేలు.

ఎక్కడో తప్పాను అనుకున్నాడు. జీవితంలో లెక్క తప్పనివాడు, ఆ రోజు తప్పి ఉంటే బాగుండునని ఆశపడ్డాడు.

రెండో రోజు. రెండు వేల ఎనిమిది వందలు. మూడు వేలు.

మూడో రోజూ అంతే. ఎగుడూ దిగుడూ లేని దారి. దాని మీద నేరం మోపడానికి ఒక చిన్న మిట్ట కూడా లేదు.

నాలుగో రోజు జేబులో టేపు వేసుకుని వచ్చాడు.

తూము పక్కన సిమెంటు గచ్చు ఉంది. బయలుదేరే ముందు చెప్పులు కాలువలో ముంచి గచ్చు మీద నడిచాడు. తడి గుర్తులు పడ్డాయి. మడమ నుంచి మడమకు టేపు పెట్టాడు. రెండు అడుగుల ఆరు అంగుళాలు. ముప్పై ఏళ్ల పేరు, చెక్కుచెదరకుండా ఉంది. గుండె కుదుటపడింది.

లాకుల దాకా నడిచాడు. వెనక్కి నడిచాడు. మళ్లీ చెప్పులు ముంచాడు. మళ్లీ అదే గచ్చు.

రెండు అడుగుల నాలుగు అంగుళాలు.

మోకాళ్ల మీద కూర్చుని ఇంకొక గుర్తు కొలిచాడు. రెండు అడుగుల నాలుగు. ఇంకొకటి. రెండు అడుగుల నాలుగు.

రెండు అంగుళాలు.

బొటనవేలి పొడవు ఉంటుందేమో. అంతే. నలభై ఎనిమిది అంగల్లో అంగకు రెండు చొప్పున... తొంభై ఆరు అంగుళాలు.

ఎనిమిది అడుగులు.

అప్పుడు కూడాడు. పన్నెండేళ్లలో మొదటిసారి అరవైనీ యాభై రెండునీ పక్కపక్కన నిలబెట్టి కూడాడు. నూట పన్నెండు. మోకాళ్ల దాకా బురదతో ఆ సాయంత్రం తను నూట ఇరవై అనుకున్న స్థలం, నూట పన్నెండే. పొద్దుటి కాళ్లతో దానిలోంచి అరవై కొలిచి అన్నకు ఇచ్చినవాడు తనే. మిగిలింది తీసుకున్నవాడూ తనే.

రాయి జరగలేదు.

అంగ జరిగింది.

ఇంకెన్ని సాయంత్రాలు? ఇంకెన్ని రాళ్లు? గొలుసు విప్పడానికి ఓపిక లేక, "నువ్వు నడిచి చెప్పరా చాలు" అన్న ఎన్ని పొద్దువాలిన వేళలు... ఏయే ఊళ్లలో, ఏయే అన్నదమ్ముల మధ్య?

గచ్చు మీద తడి గుర్తులు ఎండకు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. వాటిని అరచేత్తో కప్పాలనిపించింది అతనికి. అన్ని గుర్తులకు చేతులు చాలలేదు.

*

కర్ర చప్పుడు ఆగింది.

ముందు పోతున్న అన్న వెనక చప్పుడు వినపడక ఆగాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి తమ్ముడి కోసం వెనక్కి తిరిగి చూశాడు. తమ్ముడు నేల మీద కూలబడి ఉన్నాడు. పడితే పట్టుకోవాల్సినవాడే కింద ఉన్నాడు.

అన్న వస్తున్నాడు. గొలుసు తల ఎత్తలేదు. చెవులు మాత్రం లెక్కపెట్టాయి. తనకు పది అంగలైన దూరం అన్నకు పదమూడయింది.

అన్న గచ్చును చూశాడు. టేపును చూశాడు. కాంటా దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డవాడికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"ఎంత తగ్గిందిరా?"

"రెండంగుళాలు."

"ఊ."

కర్ర ఆనించి, మెల్లగా తూము గట్టు మీద కూర్చున్నాడు అన్న. ఉన్ని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "లారీలు ఎక్కీ దిగీ సాయంత్రానికి కాంటా కూడా సున్నా దగ్గర నిలబడదు. రోజూ పొద్దున్నే సరి చేసుకుంటాం. మనిషికి ఎవరు చేస్తారు?"

"నీకు తెలుసా?"

"మేస్త్రీ అరవై అన్నాడు చూడు, అప్పుడే తెలిసింది. ఇరవై నాలుగు రెండున్నరలు అరవై. పొద్దుటి నీ కొలతలో లోటు లేదు. ముందు రోజు సాయంత్రమే ఏదో తేడా కొట్టింది."

"మరి చెప్పలేదేం?"

అన్న నీళ్ల వైపు చూశాడు. కొమ్మ మీద పిట్ట లేదు. నీళ్లు మాత్రం పోతున్నాయి.

"అంతమంది ఉన్నార్రా అక్కడ. వాళ్ల ముందు నీ అంగ తప్పంటే... మర్నాడు నువ్వెలా నడిచేవాడివి?"

గొలుసు తన తడి చెప్పులను చూసుకున్నాడు.

"ఆ తర్వాత చెప్పొచ్చుగా. పన్నెండేళ్లు."

"ఆ తర్వాత నాకూ కోపం వచ్చింది" అన్నాడు అన్న.

ఆ మాట అని, టోపీ అంచు మీద లేచిన ఉన్నిపోగును గోటితో తీస్తూ కూర్చున్నాడు. గొలుసు టేపును చుట్టబోయాడు. అది చేతిలోంచి జారి మళ్లీ విప్పుకుంది. అన్న చెయ్యి చాపి ఆ కొస పట్టుకున్నాడు. ఒక కొస అన్న దగ్గర. ఒక కొస తమ్ముడి దగ్గర. మధ్యలో టేపు, గాలికి సన్నగా కదులుతూ.

క్షమించమని అడగాలి. ఆ మాట ఎన్నో తరగతిలో నేర్పుతారో అతనికి తెలియదు. ఆరు సగం దాకా ఎవరూ నేర్పలేదు.

"ఊరంతా ఎనిమిదడుగులని చెప్తున్నావంట" అన్నాడు అన్న, మెల్లగా, తూకం చీటీ మీద అంకె అడిగినట్టు. "అసలు నీకు ఎంత పోయిందిరా?"

గొలుసు తల వంచుకునే లెక్క వేశాడు. నూట పన్నెండులో సగం యాభై ఆరు. తన దగ్గరున్నది యాభై రెండు. లోపలికి పొడవు ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. వేలితో గచ్చు మీద గీసుకున్నాడు. గీసినచోట ఏమీ పడలేదు. మళ్లీ గీశాడు. ఎన్నిసార్లు వేసినా ఎనిమిది రాలేదు.

అప్పుడు తలెత్తి ముఖంలోకి చూశాడు.

"నాలుగే, అన్నయ్యా. వెడల్పు నాలుగు అడుగులు. పొడవు తొంభై. నలభై గజాలు."